ఓరుగల్లులో పూసిన నా అబద్ధం

ఇందులో రాసిన ప్రతి మాటా నిజమని, ఎడమచేత్తో మా ఆవిడ పోపులడబ్బా పట్టుకుని, కుడిచేత్తో కలం పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. పోపులడబ్బా మీద ఒట్టేమిటని నవ్వకండి. దేవుడి మీద ఒట్టు తప్పితే దేవుడు క్షమిస్తాడు. ఆ డబ్బా మీద ఒట్టు తప్పితే ఆ పూట నాకు అన్నం ఉండదు. కాబట్టి నేనెంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నానో మీరే గ్రహించండి.

వెళ్ళక తప్పని కారణం

నేను తెనాలిలో పూలవిత్తనాలు అమ్ముకునేవాణ్ణి. నా పేరు సుబ్బయ్య. "సుబ్బయ్య చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని ఇంకొకరిని అడగాలి" అని మా ఊళ్ళో ఒక మాట ఉంది. నిజానికి నేనెప్పుడూ పనిగట్టుకుని అబద్ధమాడలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు బేరాలుండవు, నోరు ఊరికే ఉండదు. అంతే.

కిందటేడు అలాంటి మధ్యాహ్నమే ఓరుగల్లు నుంచి జంపఖానాలు అమ్ముకోవడానికి వచ్చిన రాజయ్య అనే నేతగాడు మా కొట్టు అరుగు మీద మూట దింపుకుని మంచినీళ్ళడిగాడు. నీళ్ళతోపాటు ఓ కథ కూడా ఇచ్చాను. బంతుల్లో ముద్దబంతి ఒక జాతి, కారబంతి ఇంకో జాతి. ముద్దబంతి మనిషెత్తు ఎదుగుతుంది, నారింజపండంత పూస్తుంది. కారబంతి మోకాలు దాటదు, రూపాయి బిళ్ళంత పువ్వు మీద ఎర్రటి మరకలుంటాయి. ఎర్రావు, తెల్లావు లాంటి తేడా కాదిది. గుర్రానికీ గాడిదకీ ఉన్నంత తేడా. ఈ రెంటికీ పెళ్ళి చేయవచ్చునని గుంటూరులో ఒక దొరగారి తోటమాలి నాకు చెప్పాడు. పద్ధతి కూడా చెప్పాడు. లోపల పుప్పొడి లేకుండా అంతా రేకులే ఉన్న ముద్దబంతి మొగ్గను ఎంచి, విచ్చకముందే పల్చటి గుడ్డసంచీ తొడగాలి. విచ్చాక ఒక్కో రేకు మొదట్లో పాము నాలుకలాగా చీలిన చిన్న నాలుక బయటికొస్తుంది. దానికి కారబంతి పుప్పొడి అద్ది, మళ్ళీ సంచీ కట్టేయాలి. గింజ ముదిరాక తీసి చల్లాలి.

ఇంతవరకూ తోటమాలి మాట. ఆ గింజలు ఎలా పూశాయో చెప్పకుండానే ఆయనకు బదిలీ అయిపోయింది. కథను అక్కడ ఆపితే రాజయ్యకు అన్యాయం చేసినట్టవుతుందని మిగతాది నేనే పూరించాను. "పళ్ళెమంత పువ్వు పూసిందయ్యా! దసరాకు పూస్తే ఉగాదికి గాని వాడలేదు. ఆ మొక్కను మేసిన గేదె పాలు పసుపుపచ్చగా ఇచ్చింది. పెరుగు తోడేస్తే మా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకు నలుగు అదే" అన్నాను. రాజయ్య నోరు తెరిచి విని, ఒక పొట్లం కారబంతి గింజలు కొనుక్కుని వెళ్ళిపోయాడు. నేనూ మరిచిపోయాను.

ఈ ఏడు భాద్రపదం చివర ఇంకో జంపఖానాలాయన వచ్చాడు. మూట దింపకుండానే అడిగాడు.

"సుబ్బయ్య అంటే నువ్వేనా? రాజయ్య పెండ్లాం సాయమ్మ నువ్వు చెప్పినట్టే చేసిందట. తను తోటపని చేసే వకీలు సాబ్ ఇంటి మడి మొత్తం ఆ పువ్వుకే పెట్టింది. అది అసలు పువ్వు అవునో కాదో నువ్వే అచ్చి చెప్పాల్నట. పువ్వు లేకుంటే పండుగ దాటంగనే వకీలు సాబ్ మడి దున్నిచ్చి జొన్నలు ఏస్తడట."

మా ఆవిడ లోపలినుంచి విని, తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. "వెళ్ళండి. ఇన్నేళ్ళకు మీ మాట నమ్మిన మనిషి ఒకరు దొరికారు. ఆ ముఖం ఒకసారి చూసి రండి" అంది.

ఎర్రుపాలెం

బెజవాడ దాటి నైజాం సరిహద్దులోకి వెళితే మొదట తగిలేది ఎర్రుపాలెం. అక్కడ కరోడ్‌గిరీ వాళ్ళు, అంటే సుంకం వసూలు చేసేవాళ్ళు, పెట్టెలు విప్పించి చూస్తారు. మన కల్దారు రూపాయి అక్కడ చెల్లుతుంది గాని, చిల్లర మాత్రం హాలీలో, అంటే నైజాం నాణేల్లో, వస్తుంది. మనది బరువు, వాళ్ళది కొంచెం తేలిక. ఆ తేడా లెక్క కట్టలేక నేను ప్రతిచోటా చిల్లర గుప్పెట్లో పోయించుకుని "షుక్రియా" అనడం నేర్చుకున్నాను. నాకు ఉర్దూలో వచ్చిన ఒకే ముక్క అది. అది అన్నాక ఇంకెవరూ మనల్ని మోసం చేయాలనుకోరని నా నమ్మకం.

నా సంచిలో బంతిగింజల పొట్లాలున్నాయి. సుంకం గుమాస్తా ఒకటి విప్పాడు. బంతిగింజలు ఎప్పుడైనా చూశారా? నల్లగా, సన్నగా, కొసన తెల్లటి కుచ్చుతో కాల్చిన అగ్గిపుల్లల ముక్కల్లా ఉంటాయి. యుద్ధం రోజులు కదా, ఆయనకు అనుమానం వచ్చింది.

"ఏందివి? మందుగుండా?"

"కాదు బాబూ. ఇవి వాకిట్లో చల్లితే దోమలు ఊరు వదిలి పోతాయి" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, ఒక చిటికెడు రుమాలులో మూటగట్టుకుని నా సంచి మూసేశాడు. దోమల సంగతి నేను పూచీపడలేను. ఆయన వాకిట్లో మాత్రం ఈ పాటికి బంతులు పూస్తూ ఉంటాయి. నైజాం ప్రభువుకు ఒకడు సుంకం పూలలో కట్టాడంటే అది నేనే.

డోర్నకల్

డోర్నకల్‌లో బండి చాలాసేపు ఆగుతుంది. మా వైపు కాఫీ అడిగే చోట ఇక్కడ చాయ్ అడగాలి. చాయ్‌వాలా పాలు సగానికి మరిగించి, అందులో ఆకు, చక్కెర కలిపి గిన్నెతోనే తిప్పుతుంటాడు. చక్కెర దొరకని రోజుల్లో కూడా అంత చక్కెర ఎక్కడిదని అడిగితే "తాగు సేట్, పూచ్‌తాఛ్ ఎందుకు" అన్నాడు. అర్ధణా. తాగాక నోరు కాసేపు తెరుచుకోలేదు. అందుకే పక్కన కూర్చున్న అవ్వ మాటలు పూర్తిగా వినే అదృష్టం కలిగింది.

ఆవిడ మానుకోటలో కూతురింటికి వెళుతోంది. తట్టనిండా గునుగుపూలు, తంగేడుపూలు. గునుగు అంటే పొలంగట్ల మీద తెల్లటి కంకుల్లా పూసే కలుపుమొక్క. మా వైపు దాన్ని పశువులకు వేస్తాం. ఆవిడ ఆ కంకులకు రంగులద్ది, కట్టలు కట్టి, పెళ్ళిసారెలాగా మోసుకుపోతోంది.

"మీ దిక్కు బతుకమ్మ ఆడరా బిడ్డా?"

"ఆడరు అవ్వా."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మరి మీ తాన గన్ని పూలు పూసి ఏం జేస్తయ్?"

ఆవిడ మూటలోంచి ఒక సర్వపిండి ముక్క ఇచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నెకు మెత్తి కాల్చే రొట్టె అది. మా అప్పచ్చుల్లాగా నోట్లో కరగదు, నువ్వే దానితో కుస్తీ పట్టాలి. మానుకోట వచ్చేదాకా పట్టాను. అదే గెలిచింది.

మట్టెవాడ

ఓరుగల్లు స్టేషన్లో రాజయ్య నన్ను చూసి, ఆనందం పట్టలేక నా సంచి బదులు పక్కాయన సంచి లాక్కున్నాడు. ఆ గొడవ తీర్చుకుని మట్టెవాడలో వాళ్ళింటికి చేరేసరికి సాయంత్రమైంది. ముందు గదినిండా మగ్గం. దాని మీద సగం నేసిన జంపఖానా. ఎరుపు, నీలం చారలు. మనిషి తిరగడానికి మూరెడు చోటుంటే ఎక్కువ.

సాయమ్మ లోటాతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సన్నటి మనిషి. చేతివేళ్ళ చివర్లు ఆకుపచ్చ తిరిగి ఉన్నాయి. పలకరింపులు అయ్యీ కాకముందే మొదలుపెట్టింది.

"అన్నా, నువ్వు చెప్పినట్టే చేసిన. సన్నబట్టతోని సంచులు కుట్టిన, మొగ్గలకు తొడిగిన. వాడకట్టోళ్ళందరు నవ్విన్రు. 'సాయమ్మ పూలకు లాగులు కుట్టిందిరో' అని పాట గట్టిన్రు. పోనీ తియ్ అనుకున్న. గని, పళ్ళెమంత పువ్వు ఇంక రాలే అన్నా. గిన్నెంత దాక అచ్చి ఆగింది."

"గేదెను తెచ్చుడైతే తెచ్చిన గని మేపలే. నువ్వు చూసినంకనే మేపుదామని" అన్నాడు రాజయ్య.

నేను పెరటివైపు చూశాను. నిజంగానే ఒక గేదె కట్టేసి ఉంది. అది కూడా నన్నే చూస్తోంది.

ఆ రాత్రి జొన్నరొట్టె, గోంగూర పప్పు పెట్టారు. మా వైపు అతిథికి వరి అన్నం పెట్టకపోతే చిన్నతనంగా ఉంటుంది. ఇక్కడ వేడివేడి రొట్టె అతిథి పళ్ళెంలోనే విరిచి, ఆవిరి పోకముందే తినమని పక్కన కూర్చుంటారు. రొట్టె బాగుంది.

వకీలుగారి వెనక మడి

మర్నాడు పొద్దున్నే హనుమకొండ దారిలో వకీలుగారి బంగళాకు వెళ్ళాం. వెనక గోడ పక్కన పొడుగాటి మడి. గోడకు నాగలి ఆనించి ఉంది. మడినిండా మనిషెత్తు బంతులు, ఒక్కో పువ్వూ నారింజపండంత. కళ్ళు చెదిరే అందం. వంగి ఆకులు, కాడలు చూశాను. అవి ఉత్త ముద్దబంతులు. తల్లి పోలికే తప్ప తండ్రి పోలిక ఒక్క మొక్కలోనూ లేదు. మరక లేదు, ఎరుపు లేదు, కారబంతి ఆకుల సన్నదనమూ లేదు. నలిపి వాసన చూసినా ముద్దబంతి వాసనే.

ఒక పువ్వు కోసి నడిమికి చీల్చాను. పైకి అంతా రేకులే. అడుగున మాత్రం, ఎవరికీ కనిపించకుండా దాక్కుని, నాలుగైదు గొట్టాల్లాంటి బుల్లిపూలు, వాటినిండా పుప్పొడి. నాకు సంగతి అర్థమైంది. పెళ్ళికొడుకును ఊరేగించి తీసుకొచ్చేలోగా పెళ్ళికూతురి ఇంట్లోనే ఇంకో వరుడు దాక్కుని ఉన్నాడు. సంచీలో ఉండగానే ఆ పువ్వు తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంది.

"అన్నా, ఏందన్నా? మంచిగ లేవా?" అంది సాయమ్మ.

చెప్పాను. ఆమె ఏడవలేదు. మడిగట్టు మీద కూర్చుని చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది.

అంతలో వకీలుగారు వచ్చారు. తెల్ల షేర్వానీ, చేతిలో గొడుగు. "నువ్వేనా ఆ పళ్ళెమంత పువ్వు ఆసామివి? చూడవయ్యా, నేనేం జాలిం మనిషిని, దుర్మార్గుణ్ణి కాదు. బజార్ల జొన్నలు దొరుకుతలేవు. ఇంట్ల ఇంతమంది తినేటోళ్ళున్నరు. బంతిపూలు ఊరంత పూస్తయి. కొత్త పువ్వు అన్నది గనుక ఒక పంట ఆగిన. కొత్తది ఉంటే చూపియ్యమను. లేకుంటే పండుగెల్లంగనే నాగలి కడ్త."

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆయన లోపలికి వెళ్ళాక నేను తలగోక్కుంటూ, "సంచీలు సరిగానే కట్టావు. పుప్పొడి సరిగానే అద్దావు. అన్నీ తనంతట తాను కట్టుకున్న గింజలే అయి ఉండవు. కొన్నయినా సంకరం మొలిచి ఉండాలే. అవి మొలకప్పుడే తెలుస్తాయి. కారబంతి కాడ ఎర్రగా ఉంటుంది. ముద్దబంతి తల్లికి ఎర్రకాడ పిల్ల పుట్టిందంటే తండ్రి బయటివాడన్నమాటే. అలాంటివి నీకు కనబడలేదా?" అన్నాను.

సాయమ్మ తలెత్తింది. "ఎర్రకాడలా? గవా? గవి కల్తీ గద అన్నా! మా అత్త చెప్పేది. ముద్దబంతి నారుల ఎర్రకాడ కనబడ్డదంటే కారబంతి కలిసింది, పీకి అవతల పడెయ్యి, లేకుంటే పువ్వు చిన్నగైతది అని. మా ఇండ్లల్ల అందరం గంతే. నువ్వేమొ పళ్ళెమంత పువ్వంటివి. నేను పెద్ద పువ్వు పూసే నారునే ఉంచిన. ఎర్రయన్ని పీకేసిన."

పళ్ళెమంత! ఆ ఒక్క మాట నా నోటినుంచి రాకపోతే ఆమె ఆ మొలకలను పీకేది కాదు. రాజయ్య నావైపు చూడకుండా గోడవైపు చూశాడు. నేను నాగలి వైపు చూశాను.

"పీకి ఎక్కడ పడేశావమ్మా?"

"పడెయ్యలే. పచ్చటి మొలకను పడేస్తె పాపం. అప్పుడు మా ఆడిబిడ్డ యాదమ్మ అచ్చింది. కాజీపేట రైలు గేటు కాడ ఉంటది, ఆమె పెనిమిటి గేట్‌మెన్. 'వదినె, మా గేటు పొంటి పెట్టుకుంట' అని కొంగుల కట్టుకపోయింది." అంటూనే సాయమ్మ లేచి నిలబడింది. "బతికినయో సచ్చినయో."

కాజీపేట గేటు

మర్నాడు సద్దుల బతుకమ్మ. తొమ్మిది రోజుల ఆటలో చివరిది, పెద్దది. తెల్లారగానే ముగ్గురం తాంగా ఎక్కాం. దారిపొడవునా ఆడవాళ్ళు ఎవరి కంచెలోని పూలని చూడకుండా కోసేస్తున్నారు. మా ఊళ్ళో పక్కింటి పువ్వు కోస్తే పంచాయితీ. ఇక్కడ బతుకమ్మకని చెయ్యి చాపితే కాదన్నవాళ్ళదే తప్పు. ఈ ఆచారం చూసి నేను చాలా ముచ్చటపడ్డాను. ఎంతసేపు? కాజీపేట గేటు కనిపించేదాకా.

గేటు పక్కన గేట్‌మెన్ గది. గది చుట్టూ, పట్టాల పక్క కంకర అంచునా, నడుము ఎత్తు బంతిచెట్లు. మోకాలి ఎత్తు కాదు, మనిషెత్తూ కాదు, సరిగ్గా నడుము ఎత్తు! ఎర్రటి కాడలు. నేల దగ్గరనుంచే గుబురుగా కొమ్మలు. నేను తాంగా ఆగకముందే దూకి, మోకాలు గీరుకుని, కుంటుకుంటూ పరుగెత్తాను.

ఒక్క చెట్టుకూ ఒక్క పువ్వు లేదు.

"యాదీ! పూలేవే?" అని సాయమ్మ కేకపెట్టింది.

యాదమ్మ గదిలోంచి వచ్చింది. బొద్దుమనిషి, నవ్వుమొహం. "ఏం వదినె, గట్ల మొత్తుకుంటవ్? పండుగపూట పూలు కొయ్యక చెట్టుకు ఉంచుతరా ఎవలన్న? చీకటితోనే కోసిన. బతుకమ్మ పేర్చుడు గూడ అయింది."

"అయ్యో, గింజకన్న ఒక్కటి ఉంచకపోతివి!"

"గింజనా? గీ చెట్లకు గింజ యాడిది? ఎన్నిమార్లు ఎండిన పూలు నలిపి చూసిన, పొట్టే. మంచిగున్నయని గింజ దాసుకుందామనుకుంటె ఒక్కటి కట్టలే. కోసినకొద్ది పూస్తనే ఉన్నయ్."

నేను చెట్లకింద వంగి, పాత ఎండుపువ్వొకటి వెతికి అరచేతిలో నలిపాను. పొట్టు, గడ్డిపోచల్లాంటి తాలు. లోపల పప్పు లేదు. ఇంకొకటి నలిపాను. అంతే. నాకు నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళొచ్చాయి. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు పుట్టనట్టే, రెండు జాతుల బంతులకు పుట్టిన ఈ బంతికి గింజ లేదు. నడిమి ఎత్తు ఒక సాక్ష్యం, ఎర్రకాడ ఒక సాక్ష్యం, ఈ తాలు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. నేను తెనాలి అరుగు మీద పుట్టించిన పువ్వు కాజీపేట పట్టాల పక్కన నిజంగా పుట్టింది.

"ఇవే చెల్లెమ్మా! ఇవే!" అన్నాను.

సాయమ్మ నమ్మలేదు. ఒక్కో చెట్టూ తిరిగి చూసింది. అన్నీ సంకరమే అయినా అన్నీ మంచివి కావు. ఒకటి నేలమీద పరుచుకుని, కొమ్మలు విరిగి ఉంది. ఒకటి ఆకు ఎక్కువ, మొగ్గ తక్కువ. గది గుమ్మం పక్కనున్న రెండు చెట్లు మాత్రం నిటారుగా నిలబడి, ఆకు ఆకు మొదట్లోనూ మొగ్గ పెట్టుకుని ఉన్నాయి. "గివే" అంది సాయమ్మ. "మరి పువ్వు చూడాలె గద అన్నా? పువ్వు చూడకుండ వకీలు సాబ్ ఏమొప్పుకుంటడు?"

పువ్వులన్నీ యాదమ్మ బతుకమ్మలో ఉన్నాయి. పేర్చిన బతుకమ్మలోంచి పువ్వు తీయకూడదు. మొగ్గలు విచ్చేసరికి పండుగ దాటిపోతుంది.

రాజయ్య గొంతు సవరించుకున్నాడు. "చెల్లే, ఈ యేడు ఆట హనుమకొండల ఆడుదాం రా."

తాంగాలో బతుకమ్మ

యాదమ్మ ఒప్పుకుంది గాని, తాంగాలో చోటు తక్కువ. ఆమె ఒడిలో సద్దుల మూట. పెరుగన్నం, నువ్వుల సద్ది, రొట్టె బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలు. సాయమ్మ చేతిలో ఆ రెండు చెట్ల నుంచి విరిచిన కొమ్మలు, తడిగోనెలో చుట్టినవి. గింజ లేని మొక్కను కొమ్మతో బతికించుకోవాలి కదా. రాజయ్య తాంగావాడి పక్కన. ఇక బతుకమ్మను పట్టుకోవడానికి మిగిలింది నేనొక్కణ్ణే.

అలా తెనాలి సుబ్బయ్య ఓరుగల్లు సీమలో బతుకమ్మ పళ్ళెం ఒడిలో పెట్టుకుని ఊరేగాడు. దారిలో ఆడవాళ్ళు ఆగి చూశారు. "ఏం బావా, మీసాలతోని బతుకమ్మ ఆడుతవా?" అని ఒకామె. "గాజులు మరిచినవ్!" అని ఇంకొకామె. గుంత వచ్చినప్పుడల్లా నేను బతుకమ్మను ఛాతీకి ఆనించుకున్నాను. నా పంచె, చొక్కా పసుపు. మలీద ముద్ద ఒకటి యాదమ్మ నా నోట్లో పెట్టింది, చేతులు ఖాళీ లేవని.

దగ్గరగా చూశాను ఆ పువ్వును. పళ్ళెమంత కాదు. అరచేతి గుంటలో ఇమిడేంత. ఒత్తుగా పసుపు రేకులు. ప్రతి రేకు మొదట్లోనూ గోరింటాకు పండినట్టు ఎర్రటి మరక.

వకీలుగారి వాకిలి

మధ్యాహ్నం సాయమ్మ తన మడిలోని ముద్దబంతులతో ఇంకో బతుకమ్మ పేర్చింది. తెల్లవారుజామున తాంగా ఎక్కేముందు కోసి నీళ్ళు చల్లి ఉంచిన పూలే. సాయంత్రం వకీలుగారి వాకిట్లో రెండూ పక్కపక్కన పెట్టారు. ఒకే పూట కోసినవి, ఒకే ఎండ చూసినవి. ఒకటి మాత్రం తాంగాలో అదనంగా కుదుపులు తిన్నది. వకీలుగారి భార్య కూడా తన బతుకమ్మతో వచ్చి కలిసింది. ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడారు. నాకు పాట సగం అర్థం కాలేదు. అడుగు మాత్రం ఎక్కడా తప్పలేదు వాళ్ళకు.

ఆట ముగిసేసరికి ముద్దబంతులు పైవరసల బరువుకు అణిగి, అంచు రేకులు వేలాడేశాయి. యాదమ్మ బతుకమ్మలో మరకబంతుల వరస మాత్రం చెక్కు చెదరలేదు. అరుగు మీద కుర్చీలో కూర్చున్న వకీలుగారితో ఆయన భార్యే అంది. "గా ఎర్రమరకల పువ్వు ఏందండీ? నాకు వచ్చే యేడు గదే కావాలె."

వకీలుగారు లేచి వచ్చారు. యాదమ్మ చెట్టున విడిచిన మొగ్గొకటి సాయమ్మ కొమ్మల్లో అప్పుడే సగం విచ్చి ఉంది. దాన్ని పట్టుకుని తిప్పి చూశారు.

"విత్తనం?"

"కట్టదు వకీల్ సాబ్" అంది సాయమ్మ.

"అంటే కంచరగాడిద తీరు, ఖచ్చర్ పువ్వన్నట్టు."

"ఖచ్చరైతేంది సాబ్? ఖచ్చర్ గుర్రంకంటె ఎక్కువ మోస్తది. గింజ కట్టేది లేదు గనుకనే చెట్టుకు అలుపు లేదు, పూస్తనే ఉంటది. గింజ గావాల్నంటె ఏడాదికోపారి తల్లికి తండ్రికి నేనే లగ్గం చెయ్యాలె. తల్లి నా మడిలనే ఉన్నది, తండ్రి గింజలు ఈ అన్న తెస్తడు. ఈ పువ్వు ఇంకో తాన దొరకది. ఈసారి మొగ్గను చీరి చూసి, లోపల దొంగ పుప్పొడి లేని చెట్టునే పెండ్లికి కూసోబెడ్త. ఎర్రకాడను ముట్ట." కొంగు నడుముకు దోపింది. "మడి ఉంటెనే."

వకీలుగారు గొడుగును నేలకు రెండుసార్లు కొట్టారు. "సగం మడి నీది. సగంల జొన్నలేస్త. నాగలి గోడకాడికెళ్ళి తీపిస్త" అన్నారు. వాకిలంతా ఒక్కసారి కేరింతలు కొట్టింది. యాదమ్మ పెరుగన్నం ముద్దొకటి ఆయన చేతిలోనే పెట్టేసింది.

తెనాలి

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గ విశేషాలు లేవు. ఎర్రుపాలెంలో అదే గుమాస్తా కనిపించి, "దోమలు పోలేవు గని పూలమొక్కలు మంచిగ మొలిచినయ్" అన్నాడు. నేను "షుక్రియా" అన్నాను. సాయమ్మ ఇచ్చిన ఒక కొమ్మ మా పెరట్లో పాతాను. చిగురు వేసింది. మా ఆవిడ దానికి రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోస్తోంది, నన్ను దగ్గరికి రానివ్వడం లేదు.

ఇక పోపులడబ్బా లెక్క తేలాలి. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. దోమల గుమాస్తా అనుకుంటున్నారా? ఆయన నిజం. పూలకు లాగులు? నిజం. మీసాలతో బతుకమ్మ మోయడం? నా పంచె చూసి మా చాకలి సాక్ష్యం చెబుతాడు. కల్పించింది వకీలుగారి చివరి మాట, దాని వెనక సందడి, అంతే. ఆయన సగం మడి ఇస్తాననలేదు. మొగ్గను వాసన చూసి, "చూద్దాం" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను రైలెక్కే రోజుకు నాగలి గోడకు ఆనించే ఉంది. దున్నారో లేదో ఇంకా కబురు రాలేదు.

కాని ఈ పువ్వు గురించి కిందటిసారి నేనాడిన అబద్ధాన్ని ఆ ఇల్లాలు గుడ్డసంచీలు కుట్టి, ఆమె ఆడబిడ్డ నీళ్ళు పోసి, నడుమెత్తు నిజంగా పెంచారు. అబద్ధం చల్లితే మొలిచే నేల లోకంలో నాకు తెలిసి అదొక్కటే. అందుకే ఇంకొకటి చల్లాను.